గల్లాపెట్టెకున్న భద్రత మనకేదీ?

"భద్రత" అనే మాట ఈమధ్య వ్యాపారుల నోట తెగ నలుగుతోంది. ఏ వర్తక సంఘం సమావేశంలో చూసినా అదే మాట. ఏ బజారులో చూసినా కెమెరాలు, వేలిముద్రల యంత్రాలు అమ్మే దుకాణం ఒకటి. చిన్న వ్యాపారస్తుడికి వాళ్ళు చదివి వినిపించే జాబితా పెద్దదే. షట్టరుకి రెండు తాళాలు, వెనక గుమ్మానికి ఇనుప గ్రిల్లు, నాలుగు మూలలా నాలుగు కెమెరాలు, హాజరుకి వేలిముద్ర, కంప్యూటరుకి పాస్‌వర్డు, రాత్రి ఇంటికెళ్ళేటప్పుడు సిబ్బంది సంచుల తనిఖీ. ఈ జాబితాలో సరుకు ఉంది, నగదు ఉంది, లెక్కల కంప్యూటరు ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా వాటి మధ్య నిలబడి పనిచేసే ఆడమనిషి మాత్రం కాపాడవలసిన జాబితాలో లేదు. అనుమానించవలసిన వాళ్ళ జాబితాలో ఉంది.

బట్టల దుకాణాలు, మందుల షాపులు, నర్సింగ్‌హోములు, చిన్న కాల్‌సెంటర్లు, ప్యాకింగ్ షెడ్లు, జిరాక్సు సెంటర్లు - మన పట్టణాల్లో ఆడపిల్లలకి దొరికే ఉద్యోగాలు చాలావరకు ఇలాంటి చోట్లే. అక్కడ యూనియన్ ఉండదు, నియామక పత్రం ఉండదు. ఎవరికీ లేని శ్రద్ధ ఒక్క "భద్రత" విషయంలోనే ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. పనిచేసే మనిషిని దొంగగా ఊహించుకుని కట్టిన భద్రత ఎవరినీ కాపాడదు. అది మనుషుల ప్రాణాలు తీస్తుంది, పరువు తీస్తుంది. చివరికి ఆ వ్యాపారాన్ని కూడా కాపాడదు. ఇది ఉపన్యాసం కోసం అంటున్న మాట కాదు. తాళం దగ్గర్నుంచి పాస్‌వర్డు దాకా ఒక్కొక్కటే చూద్దాం.

తాళం

1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ అనే దుస్తుల ఫ్యాక్టరీ తగలబడింది. తొలి అంతర్జాతీయ మహిళా దినం జరిగిన ఆరు రోజులకే. 146 మంది చనిపోయారు. వాళ్ళలో 123 మంది స్త్రీలు, ఎక్కువమంది వలస వచ్చిన పేద పిల్లలు. తొమ్మిదో అంతస్తులో ఒకవైపు మెట్ల తలుపుకి తాళం వేసి ఉంది. ఎందుకు? పని అయ్యాక అందరూ ఒకే గుమ్మంలోంచి వెళ్ళాలి, అక్కడ వాళ్ళ సంచులు వెతకాలి, ఒక్క జాకెట్టు ముక్క కూడా బయటికి పోకూడదు. తరవాత కోర్టులో యజమానిని అడిగితే దొంగతనాల వల్ల తనకి పోయింది మొత్తం 25 డాలర్లు దాటదని ఒప్పుకున్నాడు. పాతిక డాలర్ల సరుకు కోసం వేసిన తాళం అది! జ్యూరీ యజమానులిద్దరినీ నిర్దోషులని వదిలేసింది. వాళ్ళలో ఒకడు 1913లో ఇంకో ఫ్యాక్టరీలో మళ్ళీ అలాగే తలుపుకి తాళం వేసి పట్టుబడితే 20 డాలర్ల జరిమానా వేశారు.

ఎక్కడో, ఎప్పుడో జరిగిందని పక్కన పెట్టడానికి లేదు. 2012 నవంబరు 24న ఢాకా దగ్గర తజ్రీన్ దుస్తుల ఫ్యాక్టరీలో కనీసం 112 మంది కాలిపోయారు. అలారం మోగినా మేనేజర్లు తిరిగి పనిలో కూర్చోమన్నారు. గేట్లకి తాళాలు ఉన్నాయి. 2022 మే 13న ఢిల్లీ ముండ్కాలో నాలుగంతస్తుల భవనం తగలబడి 27 మంది పోయారు. అత్యధికులు స్త్రీలు. ఆ భవనంలో నడిచిన వ్యాపారం ఏమిటో గుర్తుందా? సి.సి. కెమెరాలు, ఇంటర్నెట్ రౌటర్లు బిగించి అమ్మడం. దేశం నిండా దుకాణాలకి భద్రత తయారుచేసి పంపిన ఆ ఆడపిల్లలకి కిందికి దిగడానికి ఉన్నది ఒకే ఒక్క మెట్లదారి. భవనానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదు.

మన దగ్గర? 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము కాలి, పైగదిలో నిద్రపోతున్న 11 మంది బీహారు కార్మికులు చనిపోయారు. వాళ్ళు దిగిరావలసిన దారి మంటల్లోంచే ఉంది. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకి ఊపిరాడక ఆరుగురు పోయారు. నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు. ఒక్కరికీ పాతికేళ్ళు నిండలేదు. వరంగల్లు, మహబూబాబాద్, ఖమ్మం వైపు పల్లెల నుంచి చిన్న ఆఫీసులో ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. పైఅంతస్తులోంచి ఇళ్ళకి ఫోన్లు చేశారు. దిగే దారి మాత్రం వాళ్ళకి దొరకలేదు.

మనుషులు లోపల ఉన్నంతసేపు తలుపు లోపలినుంచి ఇట్టే తెరుచుకోవాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కానీ బట్టల దుకాణం ఫ్యాక్టరీ కాదు. ఎనిమిది మంది పనిచేసే షెడ్డూ ఆ లెక్కలోకి రాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ కరెంటుతో నడిచే పనిస్థలాన్ని ఫ్యాక్టరీ అనడానికి కావలసిన కార్మికుల సంఖ్యని పది నుంచి ఇరవైకి పెంచింది. అంటే చట్టం వెనక్కి జరిగింది, తాళం ముందుకి జరిగింది. మీరు పనిచేసే చోట ఒక్కసారి చూడండి. వెనక గుమ్మం ముందు అట్టపెట్టెలు పేర్చి ఉంటాయి. గ్రిల్లుకి తాళం ఉంటుంది. తాళంచెవి యజమాని జేబులో ఉంటుంది. యజమాని భోజనానికి ఇంటికెళ్ళి ఉంటాడు.

సంచి

నేను ఒక జిల్లా కేంద్రంలో బట్టల దుకాణంలో ఆరేళ్ళు లెక్కలు రాశాను. రాత్రి షట్టరు సగం దించాక మేం పద్నాలుగు మంది ఆడవాళ్ళం వరసగా నిలబడాలి. ఒక్కొక్కరి సంచి బల్లమీద బోర్లించాలి. టిఫిను డబ్బా మూత తియ్యాలి. బహిష్టు రోజుల్లో సంచిలో ఏముంటుందో, అది ఎవరి కళ్ళముందు బయటపడుతుందో చెప్పక్కర్లేదు కదా. ఆలస్యంగా వచ్చిన బేరం పార్టీ ఎవరైనా ఉంటే వాళ్ళూ చూస్తూ ఉండేవాళ్ళు. మగ గుమాస్తాలకి జేబులు తడిమేసి పంపేవాళ్ళు. ఇదేమిటని అడిగితే షావుకారు నవ్వి, "మీమీద అనుమానం కాదమ్మా, అది పద్ధతి" అన్నాడు.

పద్ధతే అయితే అందరికీ ఉండాలి కదా? లోపలికీ బయటికీ తిరిగే యజమాని బావమరిదికి లేదు, సరుకు తెచ్చే ఏజెంటుకి లేదు. ఆ ఆరేళ్ళలో స్టాకు లెక్కలో తేడాలు వచ్చాయి, వాటిని పట్టుకున్నదాన్ని నేనే. ఒకసారి సూరత్ నుంచి వచ్చిన బేళ్ళలోనే చీరలు తక్కువ ఉన్నాయి. ఇంకోసారి యజమాని ఇంట్లోవాళ్ళు తీసుకెళ్ళిన బట్టలకి చీటీ రాయలేదు. ఆడవాళ్ళ సంచుల్లో మాత్రం ఒక్కసారీ ఏమీ దొరకలేదు. సరుకు ఎక్కడ పోతుందో తెలియాలంటే లోపలికి వచ్చినదీ బయటికి వెళ్ళినదీ ప్రతి వారం లెక్క పెట్టుకోవాలి. ఆ పని కష్టం. ఆడమనిషి సంచి బోర్లించడం తేలిక. అందుకే భద్రత అంటే సంచి తనిఖీ అయి కూర్చుంది. అది దొంగని పట్టుకునే పద్ధతి కాదు. రోజూ ఇంటికెళ్ళే ముందు "నువ్వు దొంగవి కావని ఇవాళ్టికి రుజువైంది, రేపు మళ్ళీ రుజువు చేసుకో" అని చెప్పే పద్ధతి.

కెమెరా

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజాభద్రతా చర్యల చట్టం చేశారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. జనం ఎక్కువగా చేరే వ్యాపార సంస్థలు కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలు 30 రోజులు దాచాలనీ ఆ చట్టం చెప్పింది. మంచిదే. వీధివైపు, గుమ్మంవైపు, గల్లావైపు చూసే కెమెరాతో మనకి పేచీ లేదు. కానీ మన దుకాణాల్లో కెమెరాలు ఎటు చూస్తున్నాయి? అమ్మే అమ్మాయిలు నిలబడే చోటు, అన్నం తినే మూల, బాత్రూముకి వెళ్ళే వసారా. యజమాని ఇంట్లో కూర్చుని ఫోనులో చూస్తాడు. "ఆ మూడో కౌంటరు అమ్మాయి ఇందాకటి నుంచీ గోడకి ఆనుకుని ఉందేం?" అని ఫోను చేస్తాడు. దొంగతనం కోసం పెట్టిన కెమెరా కాళ్ళు నొప్పులు పుట్టి ఆనుకున్న మనిషిని పట్టుకుంటోంది. కేరళలో కోళికోడ్, త్రిస్సూరు సేల్స్‌గర్ల్స్ కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. వాళ్ళ పోరాటం వల్ల 2018లో కేరళ, 2021లో తమిళనాడు ఆ హక్కుని చట్టంలోకి తెచ్చాయి. ఒక స్టూలు కోసం చట్టం అవసరమైన దేశంలో కెమెరా ఎవరి పక్షాన పనిచేస్తుందో వేరే చెప్పాలా?

ఇంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఆ కెమెరా చూసింది యజమాని దగ్గరే ఆగుతుందా? 2025 ఫిబ్రవరిలో గుజరాత్ రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి దృశ్యాలు బయటపడ్డాయి. డాక్టర్లు పరీక్ష చేస్తున్న స్త్రీల దృశ్యాలు యూట్యూబులో ఎరగా పెట్టి, టెలిగ్రాంలో డబ్బుకి అమ్మారు. దొంగలు ఆసుపత్రి గోడ దూకలేదు. ఇంటర్నెట్ ద్వారా కెమెరాలోకే దూరారు. ఆ కెమెరాల పాస్‌వర్డు "అడ్మిన్123" అని తరవాత పత్రికలు రాశాయి. అంటే తలుపుకి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. భద్రత కోసమని పెట్టుకున్న యంత్రమే కాన్పు కోసం వచ్చిన స్త్రీ ఒంటిని బజారులో పెట్టింది.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 2016లో మిరాయ్ అనే కంప్యూటర్ పురుగు ప్రపంచమంతటా లక్షల కెమెరాల్లోకి, రికార్డరు పెట్టెల్లోకి ఎక్కింది. దానికి పెద్ద తెలివి అక్కరలేకపోయింది. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన పాస్‌వర్డులు ఓ అరవై దాని దగ్గర ఉన్నాయి. కొన్నవాళ్ళు వాటిని మార్చలేదు, అంతే. ఇంటర్నెట్‌కి కలిపే కెమెరాలు భద్రతా పరీక్షల్లో నెగ్గితేనే అమ్మాలని మన ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి నిబంధన పెట్టింది. అంతకుముందు గోడలకెక్కిన కెమెరాల మాటేమిటి? వాటిని బిగించిన కుర్రాడికి పాస్‌వర్డు తెలుసు. యజమానికి తెలుసు, యజమాని కొడుక్కి తెలుసు. ఆ కెమెరా కింద పన్నెండు గంటలు పనిచేసే మనకి మాత్రం అది ఎవరెవరి ఫోన్లలో కనిపిస్తోందో తెలీదు.

2015 ఏప్రిల్‌లో గోవాలో అప్పటి కేంద్రమంత్రి స్మృతి ఇరానీ ఒక దుకాణంలో బట్టలు మార్చుకునే గది వైపు కెమెరా ఉందని ఫిర్యాదు చేస్తే దేశమంతా గగ్గోలయింది. మంత్రి కాబట్టి గగ్గోలయింది. ఆ గది పక్కనే రోజూ పనిచేసే అమ్మాయి అదే మాట అంటే "ఉంటే ఉండు, లేకపోతే మానెయ్" అనేవాళ్ళు. స్త్రీని ఏకాంతంలో దొంగచాటుగా చూడడం, చిత్రించడం నేరమని 2013లో శిక్షాస్మృతిలో చేర్చారు. భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షను. కెమెరా సంస్థ ఆస్తి కావచ్చు. మన శరీరం సంస్థ ఆస్తి కాదు.

పాస్‌వర్డు

చిన్న వ్యాపారంలో కంప్యూటరు ముందు కూర్చునేది సాధారణంగా ఒక ఆడపిల్ల. బి.కాం. చదివి, ట్యాలీ నేర్చుకుని, పదీ పన్నెండు వేలకి చేరుతుంది. బిల్లులు, బ్యాంకు, జి.ఎస్.టి., సరఫరాదారుల ఉత్తరాలు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. పాస్‌వర్డు మాత్రం అందరికీ ఒకటే. అది యజమాని పేరో, దుకాణం పేరో, చివర 123 తగిలించి ఉంటుంది. చీటీ మీద రాసి మానిటరుకి అంటించి ఉంటుంది. ఎవరైనా కూర్చోవచ్చు, ఏదైనా మార్చవచ్చు. తేడా వస్తే మాత్రం నేరం ఆ కుర్చీలో కూర్చున్న పిల్లది.

నేనెరిగిన ఒక అమ్మాయికి జరిగింది చెబుతాను. పేరూ ఊరూ అనవసరం. ఆమె పనిచేసే హోల్‌సేల్ దుకాణానికి ఎప్పుడూ సరుకు పంపే కంపెనీ పేరుతో ఒక ఈమెయిల్ వచ్చింది. మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి డబ్బు ఈ కొత్త ఖాతాకి పంపండి అని. ఆమె దాన్ని యజమానికి చూపించింది. ఆయన సరే వెయ్యమన్నాడు. ఆయన ఫోనుకి వచ్చిన ఓ.టి.పి. ఆయనే చెప్పాడు. లక్షా ఎనభై వేలు పోయాయి. అసలు కంపెనీ ఏ ఉత్తరమూ పంపలేదు. పోలీసుల దగ్గరికి వెళ్ళేలోపే ఆమెని కూర్చోబెట్టి "మెయిలు తెరిచింది నువ్వేగా" అన్నారు. పన్నెండు వేల జీతంలో నెలకి మూడువేలు కోత పెట్టారు. అంటే అయిదేళ్ళ శిక్ష! ఆమె ఇంట్లో తల్లిదండ్రులు కూడా మొదట ఆమెనే తప్పుపట్టారు. మేం నలుగురం ఆమెతో లేబర్ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ నోటీసు ఇస్తామనగానే నాలుగో నెల నుంచి కోత ఆగింది. అంతకుముందు కోసిన తొమ్మిదివేలు ఇంతవరకూ తిరిగి రాలేదు.

ఈ మోసానికి విరుగుడు ఏమిటి? ఖర్చులేని విరుగుడు. ఖాతా మారిందని ఉత్తరం వస్తే, ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకి కాదు, మన పుస్తకంలో పాతనుంచీ ఉన్న నంబరుకి ఫోను చేసి కనుక్కోవాలి. పెద్ద మొత్తం పంపేముందు ఇద్దరు చూడాలి. పోయిందని తెలియగానే 1930కి ఫోను చెయ్యాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఇవి ఆ అమ్మాయికి ఎవరూ నేర్పలేదు. నేర్పడానికి ఒక పూట చాలు. ఆ పూట యజమాని పెట్టలేదు. పెట్టని శిక్షణకి జరిమానా ఆమె కట్టాలా?

చట్టమేమంటుంది? నష్టం పేరుతో జీతం కోయాలంటే ఆ నష్టం ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే నేరుగా జరిగి ఉండాలి, కోతకి ముందు ఆమె సంజాయిషీ వినాలి. 1936 వేతనాల చెల్లింపు చట్టం ఈ మాట చెప్పింది. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ కూడా సంజాయిషీ వినకుండా కోత పెట్టకూడదనే అంటోంది. అందరికీ ఒకే పాస్‌వర్డు ఉన్నచోట ఎవరి నిర్లక్ష్యమని ఎలా తేలుస్తారు? ఎవరి పేరుతో వాళ్ళకి వేరే లాగిన్ ఇవ్వమని మనం అడగవలసింది అందుకే. అది యజమానికి భద్రత, మనకి సాక్ష్యం. లెక్కల సాఫ్ట్‌వేరులో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చెరిగిపోకుండా నమోదు కావాలని కంపెనీలకి 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. కంపెనీ కాని దుకాణాల్లో కూడా ఆ సౌకర్యం వాడుకోవద్దని ఎవరూ అనలేదు.

ఇంకో మాట. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి మందు మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసింది. వేసుకోనివాళ్ళే దొరికారు. పోలీసుల విషయంలో దాన్ని "సైబర్ దాడి" అన్నారు. మన దుకాణంలో అదే జరిగితే "ఆ పిల్ల ఏదో నొక్కింది" అంటారు.

కొనుక్కునే ఆడవాళ్ళు కూడా

ఇది పనిచేసేవాళ్ళ గొడవ మాత్రమే అనుకోవద్దు. బిల్లు దగ్గర మన ఫోను నంబరు అడుగుతారు. అది ఎక్కడికి పోతుంది? 2017లో ఉత్తరప్రదేశ్‌లో రీచార్జి దుకాణాలవాళ్ళు ఆడపిల్లల నంబర్లు, పిల్ల అందాన్ని బట్టి ధర కట్టి, 50 రూపాయల నుంచి 500 దాకా అమ్ముతున్నారని పత్రికల్లో వచ్చింది. వేధింపు ఫోన్లు అక్కడినుంచే మొదలయ్యాయి. ఫోను మోగిన ప్రతి ఇంట్లో అనుమానం ఎవరిమీదికి వెళ్ళిందో ఊహించవచ్చు. చదువు మానిపించింది ఎవరినో కూడా ఊహించవచ్చు. ఫోను నంబరు ఇవ్వందే బిల్లు చెయ్యమని దుకాణాలు పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. ఈ మాట కౌంటరు దగ్గర ఎందరికి తెలుసు? గల్లాపెట్టెలోని నోటుకి తాళం ఉంది. గల్లాపెట్టె పక్కన నోటుపుస్తకంలో, కంప్యూటరులో పడున్న మన నంబరుకి తాళం లేదు.

"చిన్నవాళ్ళం, మావల్ల ఏమవుతుంది?"

యజమానులు చెప్పే మాట ఇది. చిన్నవాళ్ళమండీ, ఈ ఖర్చులు మేం భరించలేం అంటారు. కెమెరాలకీ వేలిముద్రలకీ వేలు పెట్టినవాళ్ళు చెప్పే మాట ఇది! వెనక గుమ్మం ముందు పెట్టెలు తీసెయ్యడానికి ఎంత ఖర్చు? లోపలినుంచి నెడితే తెరుచుకునే గడియకి ఎంత? పాస్‌వర్డు మార్చడానికి ఎంత? కెమెరాని అన్నం తినే మూల నుంచి పక్కకి తిప్పడానికి ఎంత? డబ్బు సమస్య కాదిది. తమ కింద పనిచేసే ఆడమనిషిని నమ్మదగిన మనిషిగా ఒప్పుకోవడం సమస్య.

మనవాళ్ళే కొందరు ఇంకో మాటంటారు. కెమెరా ఉంటే ఆడపిల్లకి రక్షణే కదా, వేధించేవాడు భయపడతాడు కదా అని. కొంత నిజం. కానీ ఆ దృశ్యాలు ఎవరి చేతిలో ఉంటాయి? వేధించేది యజమానో, వాళ్ళ బంధువో అయితే? పనిచోట లైంగిక వేధింపుల చట్టం, 2013, ఫిర్యాదుకి మూడు నెలల గడువిచ్చింది. రికార్డరులో దృశ్యాలు ముప్ఫై రోజులకి, చాలాచోట్ల అంతకన్నా ముందే చెరిగిపోతాయి. ఆమె భయం తీరి, ధైర్యం కూడగట్టుకుని నోరు తెరిచేలోపు సాక్ష్యం మాయమవుతుంది. "అయ్యో, అది ఓవర్‌రైట్ అయిపోయిందమ్మా" అంటారు. అందుకే ఏదైనా జరిగిన వెంటనే, ఫలానా రోజు ఫలానా గంట దృశ్యాలు చెరపకండి అని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోవాలి. పదిమంది కన్నా తక్కువ పనిచేసే చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. అలాంటి కమిటీ ఒకటుందని మన దుకాణాల్లో ఏ గోడమీదా రాసి ఉండదు. "మీరు కెమెరా నిఘాలో ఉన్నారు" అని మాత్రం ప్రతి గోడమీదా ఉంటుంది.

కొత్త చట్టం మనల్ని కాపాడుతుందని కూడా చేతులు ముడుచుకోవద్దు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అయినా సంస్థల మీద పెట్టిన ముఖ్య బాధ్యతలకి మరో ఏడాదిన్నర గడువిచ్చారు. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని గట్టిగానే రాశారు. కానీ అదే చట్టం ఏడో సెక్షన్లో, ఉద్యోగ అవసరాల కోసం, యజమానిని నష్టం నుంచి కాపాడడం కోసం ఉద్యోగి సమాచారాన్ని ఆమె అంగీకారం లేకుండానే వాడుకోవచ్చని కూడా రాశారు. యజమానికి నష్టం రాకుండా చూడాలన్న పట్టింపు చట్టానికుంది. ఆ పట్టింపు మన వేలిముద్ర విషయంలో, మన ముఖం విషయంలో, మనం ఒళ్ళు వాల్చిన క్షణం విషయంలో ఎందుకు లేదు?

అడగవలసినవి

అడిగితేనే వస్తాయి కాబట్టి స్పష్టంగా అడుగుదాం.

1. లోపల ఒక్క మనిషి ఉన్నా బయటికి పోయే ఏ తలుపుకీ తాళం ఉండకూడదు. రెండో దారి లేనిచోట మనుషులచేత పని చేయించకూడదు. దుకాణానికి లైసెన్సు ఇచ్చే మునిసిపాలిటీ, లేబర్ ఆఫీసు, అగ్నిమాపక శాఖ సరుకునీ పన్నునీ చూసినట్టే ఈ దారినీ వచ్చి చూడాలి.

2. సంచుల తనిఖీ ఆపాలి. సరుకు లెక్క సరుకు దగ్గరే చూసుకోవాలి. సంచులు దాచుకోవడానికి తాళం ఉన్న అరలు ఇవ్వాలి, ఆ తాళంచెవి మన దగ్గరే ఉండాలి.

3. ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో, ఎవరెవరు చూస్తారో, ఎన్నాళ్ళు దాస్తారో తెలుగులో రాసి గోడమీద పెట్టాలి. అన్నం తినే చోట, బట్టలు మార్చుకునే చోట, విశ్రాంతి చోట, పరీక్ష గదుల్లో, కాన్పు గదుల్లో కెమెరా ఉండకూడదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చకుండా కెమెరా బిగించినవాడినీ, బిగించుకున్నవాడినీ బాధ్యులని చెయ్యాలి. వేధింపు ఫిర్యాదు గడువు మూడు నెలలైతే దృశ్యాలూ మూడు నెలలు ఉండాలి.

4. కంప్యూటరు ముందు కూర్చునే ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్, ఏడాదికి ఒకసారైనా జీతంతో కూడిన శిక్షణ. సంజాయిషీ వినకుండా పెట్టిన జీతం కోత ప్రతిదీ తిరిగి ఇవ్వాలి.

5. స్థానిక కమిటీ చిరునామా, ఫోను నంబరు ప్రతి దుకాణంలో, ప్రతి నర్సింగ్‌హోములో కనిపించాలి.

వీటిలో ఒక్కటైనా యజమానికి నష్టం చేసేది ఉందా? తెరుచుకునే తలుపు అతన్నీ కాపాడుతుంది. మార్చిన పాస్‌వర్డు అతని లెక్కల్నీ కాపాడుతుంది. దుకాణంలో ఏది సరిగా లేదో అందరికన్నా ముందు తెలిసేది అక్కడ రోజంతా ఉండే మనకే. కాలుతున్న వైరు వాసన మనకే ముందు తెలుస్తుంది. అలవాటు లేని ఉత్తరం వస్తే మనమే ముందు చూస్తాం. వెనక గుమ్మం దగ్గర ఎవరో తచ్చాడితే మన కంటే పడుతుంది. ఆ కళ్ళనీ ఆ ముక్కునీ ఆ బుద్ధినీ దొంగల జాబితాలో రాసుకుని, వేల రూపాయలు పోసి గోడకి గాజుకన్ను బిగించుకున్నారు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చాక మీరు పనిచేసే చోట వెనక గుమ్మం దాకా ఒకసారి నడవండి. గ్రిల్లుకి తాళం ఉంటే, తాళంచెవి ఎక్కడుందని అడగండి. ఒక్కరే అడిగితే "నీకెందుకమ్మా" అంటారు. నలుగురూ కలిసి అడగండి.